నేను నీళ్లు మానేసిన ఏడాది

మొన్న కొట్లో తుమ్మాను. చిన్నాచితకా తుమ్ము కాదు, కొత్త చీరల గంజి వాసన ముక్కుకెక్కి వచ్చిన పెద్ద తుమ్ము. తుమ్మి, అలవాటు కొద్దీ కాసేపు కదలకుండా నిలబడ్డాను. ఏమీ కాలేదు. ఎదురుగా పెళ్లి చీరలు చూస్తున్నావిడ "చిరంజీవ" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వినా ఏమీ కాలేదు. తుమ్మినందుకు దేవుడికి దండం పెట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నా పేరు సత్యవతి. టెక్కలిలో మాకు చీరల కొట్టు ఉంది. మా ఆయన మా మేనత్త కొడుకు, కాబట్టి పెళ్లికి ముందూ తర్వాతా నాకు బావే. ఆ మేనత్తే మా అత్తగారు. పుట్టిల్లు ఉద్దానంలో, కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఉన్న ఊరు. ఉద్దానం అంటే మిగతా వాళ్లకి కొబ్బరికాయలు గుర్తొస్తాయేమో, మాకు కిడ్నీలు గుర్తొస్తాయి. మా నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. మా ఊళ్లో బడి మొహం చూడని ముసలమ్మకి కూడా, రక్తపరీక్షలో కిడ్నీల లెక్క చెప్పే క్రియాటినిన్ అనే మాట నోరు తిరుగుతుంది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నాకొచ్చింది కిడ్నీ జబ్బు కాదు. కాకపోవడమే నా తిప్పలకి సగం కారణం.

మూడేళ్ల కిందటి చలికాలంలో మొదలైంది. నిజానికి మా చిన్నాడు పుట్టిన దగ్గర్నుంచీ గట్టిగా దగ్గితే ఓ చుక్క పడుతూనే ఉండేది. పిల్లల్ని కన్న ఆడదానికి అది మామూలే అనుకున్నాను. నాకెవరూ చెప్పలేదు, నేనెవర్నీ అడగలేదు, అలా అనుకున్నానంతే. ఆ ఏడు ఒక దగ్గు పట్టుకుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది గానీ దగ్గు పోలేదు. చివరికి అదీ పోయేసరికి నా ఒంట్లో ఏదో సడలిపోయింది. నవ్వితే తడి. అటక మీంచి చీరల మూట దింపితే తడి. ఒక్కోసారి ఊరికే పరుపు మీంచి లేచినా తడే. సాయంత్రమయ్యేసరికి కింద ఏదో బరువుగా, జారిపోతున్నట్టు ఉండేది.

కొట్లో నా పని నవ్వడం. బావకి చీరలు మడతలు విప్పి చూపించడం వచ్చు గానీ అమ్మడం రాదు. బేరం తెగనప్పుడు నేనో మాట అని నవ్వితే, వచ్చినవాళ్లూ నవ్వేసి చీర పట్టుకెళ్లేవారు. ఆ నవ్వు మానేశాను. లేతరంగు చీరలు కట్టడం మానేశాను. కొట్టు నిండా చిలకపచ్చలూ గులాబీలూ పెట్టుకుని, నేను మాత్రం రోజూ నేరేడుపండు రంగూ నల్లంచూ. పిల్లలు భావనపాడు సముద్రానికి వెళ్దామంటే తలనొప్పి అనేదాన్ని. లోపల పాత చీర ముక్కలు మడతలు పెట్టుకుని, వాసన వస్తోందేమోనని మనుషులకి దూరంగా జరిగి మాట్లాడేదాన్ని.

వీటన్నిటికంటే తెలివైన పని అనుకుని చేసింది ఇంకోటుంది. నీళ్లు తాగడం మానేశాను. పోసేది లేకపోతే పోయేదీ ఉండదని నా లెక్క. పొద్దున్న టీ, అన్నంలో నాలుగు గుక్కలు, అంతే. నాలుక పిడచకట్టుకుపోయేది, మంట మొదలైంది. అయినా మాటిమాటికీ దొడ్లోకి పరుగు తప్పలేదు.

బావ ఇది కనిపెట్టాడు. నేను నవ్వడం మానేస్తే తనమీద కోపమనుకున్నాడట, నీళ్లు మానేస్తే మాత్రం హడలిపోయాడు. ఎందుకంటే మా ఇళ్లలో నీళ్లు కొలుచుకుని తాగే మనిషంటే ఒకటే అర్థం. ఆఖర్లో మా నాన్నకి డాక్టర్లు రోజుకి ఇన్నే నీళ్లని కట్టడి పెట్టారు. ఆ గ్లాసు పట్టుకుని నాన్న ఎంతసేపు చూసుకునేవాడో బావ కూడా చూశాడు. నేను గ్లాసులో సగం వదిలేసి లేవడం చూసి, నాకెవరో డాక్టరు అదే చెప్పుంటాడనీ, నేను దాచుతున్నాననీ ఆయన తేల్చుకున్నాడు.

ఓ పొద్దున్న కొట్టు తియ్యలేదు. "పరగడుపునే ఉండు, ఓ దగ్గరికి ఎళ్లాల" అన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. బండి లాబ్ ముందు ఆగాక నాకర్థమైంది.

ఆ లాబ్‌లో బల్లల మీద కూర్చున్నదంతా మా ఉద్దానం వాళ్లే. ఒకావిడ నా పక్కకి జరిగి, కొబ్బరికాయ ధర అడిగినట్టే అడిగింది. "నీదెంతమ్మా?"

"ఇదే మొదలు. ఇంకా తెలీదు" అన్నాను.

"బయ్యపడకు. మొదట్లో సూసుకుంటే మంచిదే. నానూ అలాగే వొచ్చినాను" అని, రక్తం ఇచ్చి నేను బయటికొచ్చేసరికి తన సంచీలోంచి బిస్కట్ల పొట్లం విప్పి రెండు చేతిలో పెట్టింది. ఆవిడ చేతి మీద డయాలసిస్ కోసం కుట్టిన నరం తాడులా పైకి ఉబ్బి ఉంది. ఆ బిస్కట్లు తింటుంటే నాకు సిగ్గేసింది. ఎందుకంటే నాకా జబ్బు లేదని నాకు లోపల తెలుసు. అయినా నోరు విప్పలేకపోయాను.

సాయంత్రం కాగితం వచ్చింది. అంతా బాగానే ఉంది. బావ అది చూసుకుని కొట్టు మెట్ల మీద కూర్చుండిపోయాడు. అత్త ఆ మధ్యాహ్నమే శ్రీకూర్మం కూర్మనాథుడికి మొక్కేసిందట, కోడల్ని తీసుకొచ్చి కళ్లకి చూపిస్తానని. ఇంటిల్లిపాదీ మిఠాయి తిన్నారు. నేను ఏడ్చాను. సంతోషం అనుకున్నారు. ఆ సందట్లోనే చెప్పేద్దామని "అత్తా, మరేటంటే..." అని మొదలెట్టాను.

"ఏటింకా? కిడ్నీలు బాగున్నాయి. ఇంకేటి గావాలే నీకు?" అంది అత్త.

నిజమే కదా అనిపించింది. ఆ నరం ఉబ్బిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ జబ్బు ముందు నాదీ ఓ జబ్బేనా? మా వైపు రోగాల్లో కూడా పెద్దంతరం చిన్నంతరం ఉంది. పెద్ద రోగం లేని మనిషి నోర్మూసుకుని ఉండాలి. నేను నోర్మూసుకుని మరుసటి ఏడు వేసవి దాకా నెట్టుకొచ్చాను. అన్నిటికంటే చెడ్డకాలం అదే.

ఎండలు ముదిరాక మొక్కు తీర్చడానికి ముగ్గురం బయల్దేరాం. టెక్కలి నుంచి శ్రీకాకుళం బస్సు. ముందురోజు నుంచీ చుక్క నీరు ముట్టలేదు, అయినా నరసన్నపేట దాటాక బస్సు ఒక గోతిలో ఎగిరిపడింది. అక్కడితో నా ఆట కట్టింది. శ్రీకాకుళంలో దిగి, ఇంకో బస్సెక్కి శ్రీకూర్మం చేరేదాకా నేను చేతిసంచీ వెనక్కి పెట్టుకునే నడిచాను. గుడి ముందు కాళ్లు కడుక్కునే చోట ఆగిపోయాను. ఆ బట్టతో లోపలికి ఎలా వెళ్తాను? అత్తతో, నెలసరి వచ్చి దూరమయ్యానని అబద్ధం చెప్పాను.

అత్తకి కోపం తన్నుకొచ్చింది. "మొక్కింది నీ గురించేనే! గుమ్మం దాకా వొచ్చి ఇప్పుడు సెప్తావేటి? అచ్చం మీ అమ్మే. మా అన్న డయాలసిస్‌కి అన్నాళ్లు తిరిగితే ఒక్కపాలైనా ఎంట ఎళ్లిందా? రాయి అది. నువ్వూ ఆ రాయి ముక్కవే!"

అత్త ఈ మాట అనడం కొత్తేం కాదు. నాన్నని వారం వారం శ్రీకాకుళం తీసుకెళ్లిందంతా అత్తా, బావే. మా అమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడేది, బస్సెక్కేది కాదు. తోట చూసుకోవాలనేది, ఆవు ఈనిందనేది. ఊరంతా ఆశ్చర్యపోయింది. నాన్న మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. అమ్మ ఎందుకు వెళ్లలేదో నాకూ తెలీదు.

అత్త ఒక్కతే లోపలికి పోయింది. బావ నా పక్కనే నిలబడ్డాడు. "ఏటైనాదే?" అన్నాడు. అంత మెత్తగా అడిగితే దాచుకోవడం నాకు చేతకాలేదు.

"ఒంటేలు ఆగట్నేదు బావా. దగ్గినా, నవ్వినా, బస్సు ఎగిరినా ఆగట్నేదు. అందుకే నీళ్లు మానేసినాను."

ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత భుజమ్మీది కండువా తీసి నా నడుం చుట్టూ తనే చుట్టాడు, అంత జనంలో. "ఇదేనా? నాను ఏటో అనుకొని సచ్చిపోతన్నాను గదే ఇన్నాళ్లూ. జబ్బయితే మందుంటాది. పద, ముందు ఓ సోడా తాగు." నేను తాగలేదు గానీ, ఆ కండువా ఇప్పటికీ దాచుకున్నాను.

తొలకరి వానలు పడుతుండగా శ్రీకాకుళంలో ఓ లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. బయట బెంచీల మీద గంటల తరబడి కూర్చున్నాం. వచ్చినవాళ్లంతా కడుపులతో ఉన్న పడుచు పిల్లలు. నలభై దాటినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే అనిపించి, కొంగు కప్పుకుని కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయి "మీకు ఎన్నో నెలండీ?" అని అడిగింది. బావ పొలమారినట్టు దగ్గాడు. ఎన్నాళ్లకో నవ్వొచ్చి, వెంటనే భయమేసి, పెదవి కొరుక్కున్నాను.

డాక్టరుగారు పరీక్ష చేశాక బావనీ లోపలికి పిలిచారు. కింద సంచులన్నిటినీ మోసే కండరాలు వదులయ్యాయనీ, మూత్రసంచి కాస్త కిందికి దిగిందనీ, నాకున్నంత మట్టుకి ముందు ఆపరేషన్ అక్కర్లేదనీ చెప్పారు. ఇంట్లో అత్త, బావ చెప్పగా విని, అప్పటికే తీర్పు ఇచ్చేసింది, గర్భసంచి తీయించేస్తే పోతాదని. మా వీధిలో సగం మంది తీయించుకున్నవాళ్లే. అదే అడిగాను.

"బాగున్న గర్భసంచి ఎందుకమ్మా తియ్యడం? అది తీసేస్తే ఇది పోదు. ఫిజియోథెరపీకి రాస్తాను."

"మోకాళ్లు బాగానే ఉన్నాయండీ" అన్నాను. ఆవిడ నవ్వి చీటీ రాసిచ్చారు.

ఫిజియోథెరపిస్టు విజయనగరం పిల్ల, పేరు హారిక. తలుపు గడియ పెట్టి, తెర లాగి, ముందు నా చేత మాట్లాడించింది. ఎప్పుడు పడుతుంది, ఎంత పడుతుంది, ఏం మానేశారు అని. మానేసినవి చెబుతుంటే నాకే ఆశ్చర్యమేసింది, ఏడాదిలో ఇన్ని వదిలేసుకున్నానా అని. నీళ్ల దగ్గరికొచ్చేసరికి కలం కింద పెట్టేసింది.

"పిన్నిగారూ, ముందు నీళ్లు తాగండి. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి సంచికి చిరాకెత్తుతాది. అప్పుడు ఇంకా పరిగెట్టిస్తాది. టీ తగ్గించండి, నీళ్లు కొంచెం కొంచెంగా పెంచండి."

తర్వాత అసలు పని. "నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ వస్తే ఎలా ఆపుకుంటారు? అదిగో, ఆ బిగింపే. లోపలికీ పైకీ లాగాలి" అంది. చేసి చూపించాను. చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. నేను పైకి లాగడం లేదట. ఊపిరి బిగబట్టి, పొట్ట గట్టి చేసి, కిందికి నెడుతున్నానట. మూటలు ఎలా దింపుతారని అడిగింది. ఎలా దింపుతాం, దమ్ము బిగబట్టి ఒక్క ఊపున దింపుతాం. ఇరవయ్యేళ్లుగా నేను అటక మీంచి చీరలతో పాటు నా సంచుల్ని కూడా దింపుకుంటున్నానని అప్పుడు తెలిసింది. "ఎత్తేముందు కింద బిగించండి, ఊపిరి వదులుతూ ఎత్తండి" అని ఓ తలగడ నా చేతికిచ్చి పదే పదే చేయించింది. పట్టు దొరకడానికి కొన్ని వారాలు పట్టింది. దొరికిన రోజు హారిక "అదీ!" అని అరిచింది, నాకు పదో తరగతి పాసైనంత సంతోషమేసింది.

కొట్లో కూర్చునే చేసుకునేదాన్ని. జాకెట్టు గుడ్డ కొలిచేంతసేపు బిగించడం, కత్తిరించేటప్పుడు వదలడం. బిగించడం ఎంత ముఖ్యమో పూర్తిగా వదలడమూ అంతేనని హారిక చెప్పింది. ఎవరికీ తెలిసేది కాదు, ఒక్క బావకి తప్ప. "మొగం బిగించకే, గిరాకీ పారిపోతాది" అని గొణిగేవాడు. మొదటి నెలంతా ఏమీ తేడా లేదు. విసుగొచ్చి మానేద్దామనుకున్నాను. బావ రోజూ చెంబుతో నీళ్లు తెచ్చి గల్లాపెట్టె పక్కన పెట్టి, నేను తాగేదాకా కదిలేవాడు కాదు. వినాయక చవితి నాటికి దగ్గితే పడటం తగ్గింది. దసరాకి చిలకపచ్చ చీర కట్టాను. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. బాగా అలిసిన రోజు ఇప్పటికీ సాయంత్రం కాస్త బరువుగా ఉంటుంది. కానీ నా బతుకు నా చేతికొచ్చింది.

కార్తీకంలో పుట్టింటికి వెళ్లాను. ఏడాది పైగా బస్సు భయంతో వెళ్లనిదాన్ని, కిటికీ పక్కన కూర్చుని దర్జాగా దిగాను. అమ్మ పెరట్లో కొబ్బరి ఆకులు చీరి ఈనెలు తీస్తోంది. చీపుళ్లకి. నేనూ ఓ ఆకు లాక్కుని కూర్చుని, జరిగిందంతా చెప్పాను. లాబ్ సంగతీ, గుడి సంగతీ, కండువా సంగతీ, హారిక సంగతీ. అమ్మ ఈనెలు తీస్తూనే ఉంది. నేను చెప్పడం అయ్యాక కత్తి పక్కన పెట్టింది.

"దానికి మందుంటాదేటే?" అంది.

"మందు కాదమ్మా, కసరత్తు. నీకెందుకు?"

"నువ్వు పుట్టిన కాణ్ణించీ నాకున్నాది."

నాకు నలభై నాలుగేళ్లు. అమ్మ అన్నేళ్లుగా గుడ్డలు కట్టుకుని తోటలో తిరిగింది. ఊళ్లో పెళ్లికి పిలిస్తే ఒంట్లో బాలేదంది. నా పెళ్లిలో పీటల మీద నుంచి లేచి లేచి వెళ్లింది, మేమంతా వంటవాళ్ల మీద అజమాయిషీ అనుకున్నాం. అప్పుడు తట్టింది నాకు, బస్సు సంగతి.

"అమ్మా, నాన్నతో శ్రీకాకుళం ఎళ్లనిది అందుకేనా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బస్సులో అంతసేపు ఎలాగ కూకోను? అక్కడా రోజంతా ఉండాల. ఎంట రమ్మని మీ నాన్న కళ్లతో అడిగీవోడు. ఆ మనిసికి ఒంటేలు రాక ఒళ్లంతా ఉబ్బిపోతంటే, నాకు ఒంటేలు ఆగట్నేదని ఏ నోటితో సెప్పుకోనే?"

నేను అమ్మని గట్టిగా పట్టుకుని ఏడ్చాను. అమ్మ కూడా ఏడ్చింది, కానీ ఎక్కువసేపు కాదు. కళ్లు తుడుచుకుని, ఆ విజయనగరం పిల్ల ముసలోళ్లని సూస్తాదేటి అని అడిగింది.

చూసింది. అమ్మది నాకంటే ముదిరింది. లోపల ఆసరాగా పెట్టుకునే ఓ రింగు డాక్టరుగారు అమర్చారు, కసరత్తులు హారిక నేర్పింది. ఆర్నెల్లలో నా అంత కాకపోయినా, అమ్మ పక్కూరు పెళ్లికి వెళ్లొచ్చేంత అయింది. వెళ్లి, పెళ్లి భోజనంలో ఉప్పు తక్కువైందని రెండ్రోజులు చెప్పింది.

అమ్మ బస్సెక్కకపోయిన సంగతి అత్తకి నేనే చెప్పాను, అమ్మ అన్న మాట అన్నట్టే చెప్పాను. అత్త బియ్యం ఏరుతోంది. చేట దించలేదు, తల ఎత్తలేదు. ఏరుతూనే "మా అన్నకి తెల్దా?" అంది. తెలీదన్నాను. ఆ పూట అత్త అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్న, మొక్కు ఇంకా తీరలేదు గదా, నిన్ను దేవుడు సూణ్ణేదు గదా, మళ్లీ ఎళ్లాల, మీ అమ్మని కూడా రమ్మను అంది.

పోయిన నెల నలుగురం వెళ్లాం. అమ్మ ఊరి నుంచి వచ్చి టెక్కలిలో మాతో బస్సెక్కింది. ఎక్కగానే వెనక సీట్లోకి పోబోతే, అత్త చెయ్యి పట్టి ఆపి తన పక్కన కిటికీ వైపు కూర్చోబెట్టుకుంది. నేనూ బావా వెనక కూర్చున్నాం. బస్సు ఎగిరినప్పుడల్లా అమ్మ ముందు సీటు కమ్మీ పట్టుకోవడం, కాస్త ఆగి వదలడం నాకు కనిపిస్తూనే ఉంది.

నరసన్నపేట దాటాక అత్త సంచీలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి అమ్మకి అందించింది.

"తాగు వొదినా. దిగాల్సొస్తే నాను బస్సాపిస్తాను."

అమ్మ సీసా అందుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, గటగటా తాగింది.